బాబ్ బార్కర్ రోజూ చివర్లో చెప్పిన మాట

బాబ్ బార్కర్ 2023 ఆగస్టు 26న 99 ఏళ్ల వయసులో పోయాడు. అప్పుడు వచ్చిన నివాళులు కొన్ని ఈమధ్య మళ్లీ వరసగా చదివాను. దాదాపు అన్నీ ఒకే దారిలో నడిచాయి. అమెరికా టీవీలో 35 ఏళ్లు 'ది ప్రైస్ ఈజ్ రైట్' అనే ఆటల షో నడిపిన యాంకర్, 19 ఎమ్మీ టీవీ అవార్డులు, ఆ తర్వాత ఆయన దానాల జాబితా. తిమింగలాల వేటను అడ్డుకునే ఓడకి 50 లక్షల డాలర్లు, హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, కొలంబియా, డ్యూక్ లాంటి లా స్కూళ్లలో జంతువుల చట్టం చెప్పడానికి ఒక్కోదానికి 10 లక్షల డాలర్లు, టొరంటో జూ నుంచి మూడు ఏనుగుల్ని కాలిఫోర్నియాకి తరలించే ఖర్చు. ఆయన పెట్టిన డీజే అండ్ టీ ఫౌండేషన్ గురించి ఒక వాక్యం రాసి వదిలేశారు. మీ పెంపుడు జంతువులకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండని షో చివర ఆయన రోజూ చెప్పే మాటని అందరూ తలుచుకున్నారు గానీ, ఒక పెద్దాయన అలవాటుని ముచ్చటగా చెప్పుకున్నట్టు తలుచుకున్నారు.

నా లెక్కలో ఈ వరస తిరగబడాలి. ఆయన చేసిన సేవలో మొదట చెప్పుకోవాల్సింది ఆ మాట. దాని వెంటే ఆ ఆపరేషన్లకి సాయం చేసిన ఫౌండేషన్. ఓడా, ఏనుగులూ ఆ తర్వాతే. ఇలా అనడానికి కారణాలున్నాయి. దీనికి ఎదురుచెప్పే విషయాలూ ఉన్నాయి, వాటిలో ఒకటి రెండింటికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

ఎవరు చూసే షో, ఎవరికి చెప్పిన మాట

బార్కర్ దక్షిణ డకోటాలో రోజ్‌బడ్ ఇండియన్ రిజర్వేషన్‌లో పెరిగాడు. తల్లి మటిల్డా అక్కడ బడిపంతులమ్మ. రెండో ప్రపంచయుద్ధంలో నేవీలో పైలట్ శిక్షణ, తర్వాత డ్రూరీ కాలేజీ, రేడియో. 1956 చివర్లో 'ట్రూత్ ఆర్ కాన్సిక్వెన్సెస్' అనే టీవీ షో చేతికొచ్చింది. 1972 సెప్టెంబరులో సీబీఎస్ చానల్లో 'ది ప్రైస్ ఈజ్ రైట్' మొదలైంది, 2007 జూన్ దాకా వదల్లేదు. ఈ వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. నా వాదనకి కావాల్సింది ఆ షో స్వభావం.

అది పగటిపూట షో, వారానికి 5 రోజులు. 1975 నుంచి గంటసేపు. పోటీ అంతా ధరల మీదే. నలుగురు వరసగా నిలబడి వస్తువు ధర చెప్పాలి. అసలు ధర దాటకుండా, దానికి అందరికంటే దగ్గరగా చెప్పినవాళ్లు స్టేజీ ఎక్కుతారు. పైకెక్కాక సబ్బుపొడి, డబ్బా సూపు, వాషింగ్ మెషీన్, చివరికి కారు. సరుకులు తెచ్చి ఇల్లు నడిపేవాళ్లకే ఈ ఆట బాగా వస్తుంది. ఆ వేళకి టీవీ ముందు ఉండేవాళ్లూ వాళ్లే. ఇంటి పట్టున ఉండే ఆడవాళ్లు, రిటైరైనవాళ్లు, జ్వరమొచ్చి బడి మానేసిన పిల్లలు. ఇంట్లో కుక్కకి ఏం పెట్టాలో, డాక్టరు దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్లాలో, దానికి ఎంత ఖర్చు పెట్టొచ్చో నిర్ణయించేది కూడా వీళ్లే.

1982 నుంచి ఆయన షో ముగింపులో ఒక మాట చేర్చాడు. ఆ ఘట్టం ఎలా ఉండేదంటే, షోకేస్ అనే చివరి పెద్ద బహుమతి గెలిచినవాళ్ల బంధువులు స్టేజీ మీదికి పరుగెత్తుకొచ్చి కొత్త కారు చుట్టూ గెంతుతుంటారు. తెరమీద పేర్లు పడుతుంటాయి. బార్కర్ తన సన్నటి పొడవాటి మైకు పట్టుకుని కెమెరా వైపు తిరిగి, పెంపుడు జంతువుల సంఖ్య అదుపులో ఉండేలా సాయం చేయమని, మీ జంతువులకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని గుర్తుచేసి, వెళ్లొస్తానంటాడు. అంతా కలిపి కొన్ని సెకన్లు. ఈగలు ముసిరిన కూనల బొమ్మలు చూపించడు. విరాళం అడగడు. గొంతు కూడా మార్చడు. కారు ధర చెప్పిన గొంతుతోనే ఇదీ చెబుతాడు.

నాకు ఇక్కడ గొప్పగా కనిపించేది ఆయన అడిగిన పని. అది ఒకటే పని, చూసేవాళ్ల చేతిలో ఉన్న పని, ఒక్కసారి చేస్తే ఆ జంతువు విషయంలో అయిపోయే పని. జెర్రీ లూయిస్ 1966 నుంచి 2010 దాకా లేబర్ డే సమయంలో కండరాల క్షీణత వ్యాధి కోసం నడిపిన టెలిథాన్ ఇంకో రకం. అక్కడ కావాల్సింది డబ్బు. డబ్బు ఆ రాత్రికారాత్రే ఫోన్‌లో ఇస్తామని చెప్పొచ్చు, కాబట్టి ఏడాదికి ఒకసారి గట్టిగా అడిగితే సరిపోతుంది. కుక్కకి ఆపరేషన్ అలా కాదు. ఇంటికి కూన ఎప్పుడొస్తుందో తెలీదు. అది అయిదారు నెలలకి వచ్చేసరికి ఇంట్లోవాళ్లకి గుర్తుండాలి. మార్చిలో ఒక ఇంటికి ఆ వయసు కుక్క ఉంటుంది, అక్టోబరులో ఇంకో ఇంటికి ఉంటుంది. ఏ వారంలో ఎవరికి అవసరమో ముందే తెలీని మాట రోజూ వినపడాల్సిందే. ఆ వెసులుబాటు రోజువారీ షో యాంకర్‌కి తప్ప ఇంకెవరికీ లేదు. ఆయన దాన్ని 25 ఏళ్లు వాడాడు.

ఆపరేషన్, వోచర్, ఎగ్గొట్టే అపాయింట్‌మెంట్లు

మాట చెప్పడం సగమే. విన్నావిడ డాక్టరుకి ఫోన్ చేస్తే ఫీజు వందల డాలర్లంటే అక్కడే ఆగిపోతుంది.

ఆడకుక్క సాధారణంగా 6 నుంచి 12 నెలల మధ్య మొదటిసారి ఎదకొస్తుంది. కడుపు 63 రోజులు. ఒక ఈతలో నాలుగు నుంచి ఆరు కూనలు మామూలు. పిల్లులైతే నాలుగైదు నెలలకే సిద్ధమవుతాయి, ఏడాదిలో రెండు మూడుసార్లు పెడతాయి. "ఒక కాన్పు అయ్యాక చేయిద్దాంలే" అనుకునే ఇళ్ల నుంచే అక్కర్లేని కూనల్లో పెద్ద వాటా వస్తుంది. ఆ తల్లికి తర్వాత ఆపరేషన్ చేయించినా, అప్పటికే పుట్టిన అయిదింటిలో మూడు ఆడవైతే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి మొదటి ఎదకంటే ముందే చేయించడం ముఖ్యం.

ఆపరేషన్ విధానం తెలిస్తే ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చో, ఎక్కడ తగ్గించకూడదో తెలుస్తుంది. ముందురోజు రాత్రి నుంచి తిండి ఆపుతారు, బాగా చిన్న కూనలకైతే కొద్ది గంటలే. మత్తిచ్చి, గొంతులో గొట్టం పెట్టి, బొడ్డుకి కాస్త కింద మధ్యగీత మీద చిన్న కోత పెడతారు. కొక్కెంతో గర్భసంచి కొమ్మును పైకి లాగి, అండాశయానికి రక్తం తెచ్చే నాళాన్ని గట్టిగా కట్టి కోస్తారు. రెండోవైపూ అంతే. ఆఖరున గర్భసంచి అడుగున కట్టి తీసేసి, పొరలు పొరలుగా కుట్టేస్తారు. నాళం మీద వేసిన ముడి జారితే లోపల రక్తం కారుతుంది, అన్నిటికంటే భయపడాల్సింది దీనికే. అండాశయం ముక్క ఏమాత్రం మిగిలినా కుక్క కొన్ని నెలలకి మళ్లీ ఎదకొస్తుంది. చిన్న కూనలకి మత్తులో ఒళ్లు చల్లబడిపోతుంది, కింద వెచ్చటి పరుపు లేకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఇంటికెళ్లాక కుట్లు నాకితే విచ్చుకుంటాయి. అందుకే 10 నుంచి 14 రోజులు మెడ చుట్టూ గరాటులాంటి కోన్ తగిలించి, గెంతకుండా, స్నానం చేయించకుండా చూడమంటారు.

దీన్ని చవగ్గా చేసే క్లినిక్కులు నాణ్యత తగ్గించి చవక చేయవు. ఆ పని తప్ప ఇంకో పని పెట్టుకోవు. ఒక డాక్టరు, ఇద్దరు ముగ్గురు సహాయకులు, ముందే శుభ్రం చేసి కట్టిపెట్టిన పనిముట్ల ప్యాకెట్లు. డాక్టరు ఒకదాన్ని కుడుతుండగా పక్క బల్ల మీద రెండోదాని పొట్ట వెంట్రుకలు గొరిగి మత్తిచ్చి ఉంచుతారు. అలా నడిస్తే రోజుకి 30 దాకా అవుతాయి. కానీ మత్తు యంత్రం, పనిముట్లని ఆవిరితో శుభ్రం చేసే ఆటోక్లేవ్, బల్లలు, లైట్లు మొదటిరోజుకే ఉండాలి. ఎవరో ఒకరు ముందు డబ్బు పెడితే తప్ప ఇలాంటి క్లినిక్ తెరుచుకోదు.

బార్కర్ ఫౌండేషన్ పుట్టింది ఈ ఖాళీలో. 1981లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయిన భార్య డొరొతీ జో, టిల్లీ అని పిలిచే తల్లి మటిల్డా, ఆ ఇద్దరి పేర్ల పొడి అక్షరాలే డీజే అండ్ టీ. 1990ల నడుమ సొంత డబ్బుతో పెట్టాడు. చవక క్లినిక్కులకీ, వోచర్లు పంచే సంఘాలకీ గ్రాంట్లిచ్చేది. వోచర్ అంటే, డబ్బు లేని ఇంటికి సంఘం ఒక కాగితం ఇస్తుంది, ఒప్పుకున్న డాక్టరు ఆ కాగితం తీసుకుని తక్కువకి ఆపరేషన్ చేసి మిగతా బిల్లు సంఘానికి పంపుతాడు.

చెప్పడానికి తేలికే గానీ వోచర్ పథకాలు దెబ్బతినేవి చిన్న చిన్న విషయాల దగ్గర. కాగితం తీసుకున్నవాళ్లు అందరూ రారు. కారు లేదు, ఆ రోజు సెలవు దొరకలేదు, రాత్రి పొరపాటున తిండి పెట్టేశారు, కుక్క ఎదలో ఉంది. రానివాళ్ల స్థానం ఆ రోజుకి వృథా. వచ్చినవాళ్లకి కడుపుతో ఉందనో, కోన్‌కి వేరే అనో, నొప్పి మందుకి వేరే అనో బిల్లు పెరిగితే, పక్కింటివాళ్లకి అదే చెబుతారు, ఆ వీధి నుంచి ఇంకెవరూ రారు. ముందురోజు ఫోన్ చేసి గుర్తుచేయడం, బండి పంపి జంతువుల్ని తీసుకురావడం, అన్నీ కలిపి ఒకే ధర చెప్పడం, వీటితోనే పథకం నిలబడుతుంది. ఇంకో సంగతి, డబ్బు తక్కువున్నప్పుడు ముందు ఆడవాటికే పెట్టాలి. పది మగకుక్కల్లో తొమ్మిదింటికి చేసినా మిగిలిన ఒక్కటి చాలు ఆ చుట్టుపక్కల ఆడకుక్కలన్నీ కడుపుతో ఉండటానికి. ఒక ఆడకుక్కకి చేస్తే దాని ఈతలన్నీ ఆగినట్టే.

ఇలాంటి పనికి ఫొటో రాదు. పుట్టని కూనని ఎవరికీ చూపించలేం. పేరున్న మనిషి అలాంటి పనిని ఎంచుకుని రోజూ చెప్పడం, డబ్బూ పెట్టడం అరుదు. నా గౌరవమంతా అక్కడే.

ఆయన వల్లే తగ్గాయా?

ఇక్కడ నా వాదనకి పెద్ద అడ్డంకి ఉంది. 1970ల మొదట్లో అమెరికా షెల్టర్లలో ఏటా చంపేసే కుక్కలూ పిల్లుల సంఖ్య కోటి దాటేదని అంచనాలు. ఏఎస్‌పీసీఏ అనే అక్కడి జంతు సంరక్షణ సంస్థ అంచనా ప్రకారం 2011లో అది 26 లక్షలు, 2019కి 9,20,000 దాకా దిగింది. బార్కర్‌ని పొగిడేవాళ్లు ఈ అంకెల్ని ఆయన మాట పక్కన పెట్టి వదిలేస్తారు. అది సరికాదు. లాస్ ఏంజెలెస్ నగరం తన మొదటి చవక ఆపరేషన్ క్లినిక్‌ని 1971లోనే తెరిచింది, బార్కర్ ఆ మాట మొదలుపెట్టడానికి 11 ఏళ్ల ముందు. ఆపరేషన్ అయిన కుక్కకి లైసెన్సు ఫీజు తగ్గించడం, గొలుసు లేకుండా బయట వదలకూడదన్న నిబంధనలు, దత్తతకి ఇచ్చేముందే షెల్టర్లే ఆపరేషన్ చేసి పంపడం, ఇవన్నీ కలిసి పనిచేశాయి. ఇందులో ఒక టీవీ మాట వాటా ఎంతో విడదీసి చూపడం ఎవరి తరమూ కాదు.

అయినా నా అభిప్రాయం మారలేదు. క్లినిక్ తెరిస్తే సరిపోదు, జనం తలుపు తట్టాలి. ఆ రోజుల్లో చాలామందికి కుక్కకి ఈ ఆపరేషన్ చేయించడం అంటే క్రూరమనో, డబ్బు దండగనో ఉండేది. పగటిపూట ఇంట్లో వినిపించే, నమ్మకమైన గొంతు ఒకటి దాన్ని సబ్బు కొనడమంత మామూలు పని చేసేసింది. ఆయన తర్వాత షో తీసుకున్న డ్రూ క్యారీ అదే మాట కొనసాగించాడు. బార్కర్ పోయినా మాట ఉంది.

ఇంకో అభ్యంతరం ఆయన నడవడి గురించి. షోలో పనిచేసిన ఒక మోడల్ 1994లో ఆయనపై లైంగిక వేధింపుల కేసు వేశారు, మరుసటేడాది ఉపసంహరించుకున్నారు. ఇంకొందరు మాజీ ఉద్యోగినులు తమని అన్యాయంగా తీసేశారని దావాలు వేశారు, వాటిలో కొన్ని రాజీతో ముగిశాయి. కుక్కలకి చేసిన మేలుని చూపించి దీన్ని చిన్నది చేయడం నాకు నచ్చదు. మంచిపని ఒక ఖాతా, మనుషులతో ప్రవర్తన ఇంకో ఖాతా. ఒకదాని నిల్వతో ఇంకోదాని అప్పు తీరదు.

మాటకోసం ఆయన పోగొట్టుకున్నదీ ఉంది. 1967 నుంచి మిస్ యూఎస్‌ఏ, మిస్ యూనివర్స్ పోటీలకి ఆయనే వ్యాఖ్యాత. 1987లో బహుమతుల్లో జంతువుల బొచ్చు కోట్లు తీసేయమన్నాడు. నిర్వాహకులు ఒప్పుకోలేదు. 20 ఏళ్లుగా చేస్తున్న పని వదిలేసి బయటికొచ్చాడు. తన సొంత షోలో బొచ్చు కోట్లు బహుమతిగా ఇవ్వనివ్వలేదు.

ఓడ, ఏనుగులు

ఆయన రిటైరయ్యాక ఇచ్చిన పెద్ద మొత్తాల్ని నేను తక్కువ చేస్తున్నానా అని చాలాసార్లు అనుకున్నాను. తిమింగలాల వేటని అడ్డుకునే సీ షెపర్డ్ సంస్థకి ఇచ్చిన డబ్బుతో కొన్న ఓడకి ఆయన పేరే పెట్టారు. 2010లో అది అంటార్కిటిక్ సముద్రంలో జపాన్ తిమింగలాల వేట నౌకల వెంటపడింది. 2014 డిసెంబరు నుంచి దొంగతనంగా చేపలు పట్టే 'థండర్' అనే ఓడని 110 రోజులు వదలకుండా తరిమింది. ఆ ఓడ చివరికి పశ్చిమ ఆఫ్రికా దగ్గర మునిగిపోయింది. టీవీకి నచ్చే దృశ్యమే అయినా, జరిగిన పని నిజమైన పనే. ఇది నా వాదనని కొంత బలహీనపరుస్తుంది, ఒప్పుకుంటాను.

ఏనుగుల సంగతి వేరు. టొరంటో చలిలో ఉన్న టోకా, థికా, ఇరింగా అనే మూడు ఆఫ్రికా ఏనుగుల్ని 2013 అక్టోబరులో లారీల్లో కాలిఫోర్నియాలోని ఆశ్రమానికి చేర్చారు. దీనికోసం ఆయన పెట్టింది దాదాపు 8,80,000 డాలర్లు. ఒక్కో ఆపరేషన్‌కి 100 డాలర్ల సాయం అనుకుంటే అది 8,800 ఆపరేషన్లు. ఆ మూడింటి బాధ నిజం, వాటి తరఫున అడిగేవాళ్లు తక్కువ, డబ్బు ఆయనది. ఇవన్నీ తెలిసి కూడా, ఆ డబ్బు క్లినిక్కులకే వెళ్లుంటే బాగుండేదని నా మనసు అంటుంది. లా స్కూళ్ల గ్రాంట్లు మాత్రం ఆ మాటకి దగ్గరి బంధువులే, చదువుకున్న లాయర్లు ఏళ్ల తరబడి అదే పనిలో ఉంటారు కాబట్టి.

మన వీధుల్లో ఆ మాట పనిచేస్తుందా

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాడిని కుక్కలు చంపేసిన తర్వాతా, 2025 ఆగస్టులో ఢిల్లీ కుక్కలపై సుప్రీంకోర్టు 11న ఒక ఉత్తర్వు, 22న దానికి సవరణ ఇచ్చినప్పుడూ, మన దగ్గర రెండు పక్షాల అరుపులు చూశాం. అమెరికాని ఉదాహరణగా చూపేవాళ్లు ఒకటి మరిచిపోతారు. బార్కర్ చెప్పింది 'మీ' జంతువుల గురించి. మన వీధికుక్కకి ఆ 'మీ' లేదు. దాని బాధ్యత మున్సిపాలిటీది, 2001 నుంచి ఉన్న ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) నిబంధనల ప్రకారం, ఇప్పుడు 2023 నిబంధనల ప్రకారం. పట్టుకెళ్లాలి, కు.ని. ఆపరేషన్ చేయాలి, రేబిస్ టీకా వేయాలి, గుర్తుకి చెవి కత్తిరించాలి, పట్టినచోటే వదలాలి. హైదరాబాద్‌లో అమల అక్కినేని 1992లో బ్లూ క్రాస్ పెట్టినప్పటి నుంచీ ఈ పని తెలిసినవాళ్లు మనకి లేకపోలేదు.

దెబ్బతినేది పట్టుకునే దగ్గర. కుక్కకి ఇంత అని లెక్కగట్టి డబ్బిస్తే, బండివాళ్లు తేలిగ్గా చిక్కేవాటినే పడతారు. పిలిస్తే వచ్చే మగకుక్కలు చిక్కుతాయి. ఒకసారి వల చూసిన ఆడకుక్క మళ్లీ దొరకదు. పాలిచ్చే తల్లిని పట్టకూడదు, దాని కూనలకి పాలు మానేదాకా ఆగాలి, ఆగాక ఎవరూ తిరిగి రారు. నగరమంతా అక్కడక్కడా వేల ఆపరేషన్లు చేసినా ఏ ఒక్క పేటలోనూ పదింటికి ఏడు దాటవు. దాటకపోతే మిగిలిన ఆడకుక్కలు ఏడాదిలో ఆ లోటు పూడ్చేస్తాయి.

మన తెలుగు యాంకర్లలో ఎవరైనా రోజూ చివర ఒక మాట చెప్పాలనుకుంటే, బార్కర్ మాటని ఉన్నదున్నట్టు వాడాల్సిన చోటు ఒకటుంది. ల్యాబ్రడార్లూ జర్మన్ షెపర్డ్‌లూ కొని, ఆపరేషన్ చేయించక, కూనలు పెరిగాక రోడ్డు మీద వదిలే ఇళ్లు. వీధికుక్కలకి వేరే మాట కావాలి. "మీ వీధిలో మీరు అన్నం పెట్టే ఆడకుక్క చెవి చూడండి. కొస కత్తిరించి లేకపోతే ఫోన్ చేయండి." రోజూ ఒక ముద్ద వేసే మనిషి పిలిస్తే ఆ కుక్క వస్తుంది, బండివాళ్లకి రాదు. కాబట్టి ఈ మాట వినాల్సింది అన్నం పెట్టేవాళ్లే. ఫోన్ చేసిన రెండు మూడు రోజుల్లో బండి రావాలి, వచ్చేముందు రాత్రి దానికి తిండి ఆపమని చెప్పాలి, ఆపరేషన్ తర్వాత అదే వీధిలో దింపాలి. బండి రాకపోతే రెండోసారి ఎవరూ ఫోన్ చేయరు. అందుకని నగరమంతటికీ ఒకేసారి చెప్పకుండా ఒక మున్సిపల్ సర్కిల్‌తో మొదలుపెట్టాలి. అక్కడి ఆపరేషన్ సెంటర్ రోజుకి ఎన్ని చేయగలదో అన్ని ఫోన్లే తీసుకుని, ఆడవాటిని ముందు చేసి, వీధిలో కనిపించే ప్రతి పదింటిలో ఏడింటికి చెవి గుర్తు వచ్చాకే పక్క సర్కిల్ పేరు టీవీలో చెప్పాలి.